ఆకుపచ్చ చీటీ సంచులు

దాణా సంచి కొనేవాడు ముందు సంచి మూతి చూస్తాడు. మూతిలో కుట్టిన చీటీ చూస్తాడు, చీటీ మీద అంకెలు చూస్తాడు. ఆ మూతి కుట్టినవాణ్ణి మాత్రం ఎవడూ చూడడు. అలా ఎవరి కంటా పడకుండా సగం జీవితం గడిపేసిన మనిషిని ఆ మిల్లులో అందరూ కుట్టుమామ అనేవారు. ఆయనకి అసలు పేరొకటి ఉండేది గానీ, దాంతో ఎవరికీ పని పడేది కాదు.

ఆయన పనితనం గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత ఆయన పడ్డ బాధ అర్థం కాదు. కుట్టు మిషను పైకప్పు నుంచి స్ప్రింగుకి వేలాడుతూ ఉండేది. దాని కింద నిలబడి, నిండిన సంచి మూతిని రెండు చేతులా మడిచి, మడతలో చీటీ దోపి, బర్రుమని ఒక్క ఈడ్పు ఈడ్చేవాడు. అంతే, సంచి మూతపడేది. చీటీ వెంట్రుకవాసి కూడా పక్కకి పోయేది కాదు. తను కుట్టిన సంచి దారిలో ఎక్కడైనా నోరు తెరిచిందని తెలిస్తే ఆ పూట ఆయనకి అన్నం సహించేది కాదు. పెద్ద చదువు లేదు, పెద్ద తెలివీ లేదు, పైగా పిరికివాడు. ఈ చివరిది నేనంటున్న మాట కాదు, ఆయన తనే చెప్పుకునేవాడు.

మిల్లు ఆయన బావది, అంటే అక్క మొగుడిది. చిన్నప్పుడే తల్లి పోతే అక్కే ఎత్తుకు పెంచింది. పెళ్లయి వెళ్తూ తమ్ముణ్ణి కూడా వెంట తీసుకెళ్లింది. ఆ బావ ఒక్కనాడు కూడా ఇదేం తద్దినంరా అని మొహం చిట్లించలేదు. మిల్లు పెట్టగానే తీసుకొచ్చి మిషను కింద నిలబెట్టాడు. భోజనాల వేళ తన క్యారియర్లో కూర సగం బావమరిది గిన్నెలో వెయ్యకుండా ముద్ద ఎత్తేవాడు కాదు. దొంగలందరూ దొంగ మొహాలతోనే పుడితే ఈ లోకంలో తనిఖీలవాళ్లకి పనే ఉండదు కదా.

మిల్లులో రెండు రకాల దాణా తయారయ్యేది. నూనె తీయగా మిగిలిన చెక్క, గింజల పిండి ఎక్కువ పడ్డది పాడి దాణా. దానికి ఆకుపచ్చ చీటీ, ఎక్కువ ధర, చీటీ మీద ప్రోటీన్ ఇరవై రెండు శాతం అని ఉంటుంది. తవుడు, పొట్టు ఎక్కువ పడ్డది మామూలు దాణా, వట్టిపోయిన పశువులకి వేసేది. దానికి పసుపు చీటీ, పదకొండు శాతం. సంచిలో పడ్డాక రెండూ ఒకే రంగు, ఒకే పొడి. ఏ రోజు ఏ చీటీ కుట్టాలో బావే పొద్దున్నే కట్ట తెచ్చి మిషను పక్కన పెట్టేవాడు. కుట్టుమామ ఆ కట్ట విప్పి కుట్టుకుంటూ పోయేవాడు. ఎందుకు, ఏమిటి అని అడిగేవాడు కాదు. ఈ మధ్య తవుడు బళ్లు ఎక్కువగా వస్తున్నాయి, చెక్క బళ్లు తగ్గాయి, ఆకుపచ్చ కట్టలు మాత్రం తగ్గట్లేదు. ఈ సంగతి ఆయనకి తెలుసా అంటే తెలియదు, తెలియదా అంటే తెలుసు. అడిగితే జవాబొస్తుంది, జవాబొస్తే ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుంది. పిరికివాళ్లకి ఈ లెక్క బాగా తెలుసు.

ఒకరోజు పొద్దెక్కాక, లారీకి సంచులెత్తుతుండగా, తనిఖీ జీపు వచ్చి గేటుకి అడ్డంగా ఆగింది. దిగింది ఒక పడుచు అధికారిణి. చేతిలో మొన తేలిన స్టీలు గొట్టం ఉంది. లారీ ఇంజను ఆపమంది. వరసలోంచి ఒక సంచి దింపించి, మూతి దగ్గర దారం కొస పట్టుకుని లాగింది. కొత్తవాళ్లయితే ఎప్పుడూ తప్పు కొస పట్టుకుని చిక్కు పెడతారు. ఈమె లాగితే కుట్టంతా జర్రున ఊడి చేతిలోకొచ్చింది. ఈవిడకి పని వచ్చు అనుకున్నాడు కుట్టుమామ.

ఆమె తొందరపడలేదు. గొట్టాన్ని సంచిలోకి ఏటవాలుగా ఈ మూల నుంచి ఆ మూలకి దింపి, పైన, నడుమ, అడుగున ఉన్న దాణా అంతా కలిసేలా తీసింది. అలా చాలా సంచుల నుంచి తీసి, గుడ్డ మీద పోసి కలిపి, భాగాలు చేసి పొట్లాలు కట్టించింది. లక్క కరిగించి ముద్ర వేసింది. ఒకటి ప్రయోగశాలకి, ఒకటి బావ చేతికి, ఒకటి తన పెట్టెలోకి. మిల్లంతా పని ఆపేసి చూస్తోంది. బావ ఒక్కడే నవ్వుతూ మంచినీళ్లు తెమ్మని కేకేశాడు. ఆ నవ్వు మొహాన అతికించినట్టుంది.

"ఈ సంచులు కుట్టిందెవరు?" అంది ఆమె.

అందరూ కుట్టుమామ వైపు తిరిగారు. అన్నేళ్లలో అంతమంది ఒకేసారి తనని చూడటం ఆయనకి అదే మొదటిసారి. చెయ్యెత్తుదామనుకుంటే చెయ్యి లేవలేదు.

ఇదంతా తెచ్చిపెట్టింది పాలావిడ. కుట్టుమామ వీధికి రెండు వీధుల అవతల ఉంటుంది, ఆవులే ఆమె బతుకు. అంకె చదవడం వచ్చు గనక చీటీ చూసి, ఇరవై రెండు ఉన్న సంచే కొనేది. అయినా పాలు తగ్గుతూ వచ్చాయి. తన మేపులోనే లోపముందని ఇంకొంచెం ఎక్కువ పెట్టేది. పుట్టిన దూడలు కాళ్లు నిలవక తూలేవి. ఒకటి పడిపోయి మళ్లీ లేవలేదు. ఆ రోజు ఆమె సంచిని రిక్షాలో వేసుకుని నేరుగా తనిఖీ ఆఫీసుకి వెళ్లి, మెట్ల మీద దింపి, "దీంట్లో ఏముందో చెప్పేదాకా కదలను" అని కూర్చుందట.

ప్రయోగశాల నుంచి ఫలితం వచ్చింది. చీటీ మీద ఇరవై రెండు, సంచిలో పదకొండు. వెంటే విచారణకి రమ్మని నోటీసు.

బావ పెట్టుకున్న వకీలు గదిలో ఫ్యాను తిరుగుతున్నా అందరికీ చెమటలే. వకీలు బొద్దుగా, నింపాదిగా ఉండే మనిషి. మాట్లాడుతూ పెన్సిలు చెక్కుతాడు. సంగతి ఇదీ అని విడమర్చాడు. చట్టానికి రెండు దారులున్నాయి. యజమాని తెలిసి మోసం చేస్తే మిల్లుకి తాళం, మనిషికి జైలు. పనివాడి పొరపాటున ఒక విడత సంచులకి చీటీలు తారుమారైతే, ఆ సంచులు వెనక్కి తెప్పించి, ఆ పనివాణ్ణి ఈ పనికి పనికిరాడని తీసేస్తే చాలు. సంచిలో ఉన్నది సరిగ్గా పదకొండు. పసుపు చీటీ మీద ఉన్నదీ పదకొండే. అతికినట్టు సరిపోతుంది.

"అంటే నేను..." అన్నాడు కుట్టుమామ.

"అంటే మీరు ఆ రోజు పసుపు కట్ట బదులు ఆకుపచ్చ కట్ట విప్పారు. కళ్లజోడు మర్చిపోయొచ్చారు. అంతే. ఏదీ, ఓసారి చెప్పండి."

"ఆ రోజు నేను కళ్లజోడు మర్చిపోయొచ్చానండి. మా బావ..."

"బావ కాదు, యజమాని. విచారణలో బావలూ మరుదులూ ఉండరు."

"మా యజమాని బావ పసుపు కట్టే ఇచ్చాడండి."

వకీలు పెన్సిలు కింద పెట్టి నుదురు కొట్టుకున్నాడు. బావ నవ్వాడు గానీ మధ్యలోనే ఆగిపోయాడు. బయటికొచ్చాక బావమరిది భుజం మీద చెయ్యి వేశాడు. "బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడు అని ఊరికే అన్లేదురా పెద్దలు. మిల్లు నిలబడితే నిన్ను వదిలేస్తానా? ఏదో ఒక పని చూస్తా" అన్నాడు. ఏదో ఒక పని. అంటే మిషను కింద నిలబడటం ఇక లేదన్నమాట. ఇంత కుట్టీ చివరికి చీటీ రంగు తెలియని గుడ్డివాడన్న పేరు మిగులుతుంది. ఆ ఒక్క పేరు తప్ప ఆయనకి వేరే ఆస్తి ఏమీ లేదు.

ఇంటికొచ్చి భార్యకి చెబితే ఆమె చేటలో బియ్యం అలాగే వదిలేసి లేచింది. "కలిపింది మీరా? చీటీ ఇచ్చింది మీరా? కొరివితో తల గోక్కుంటారా ఎవరైనా? రేపు పాలావిడ ఎదురైతే ఏ మొహం పెట్టుకుని చూస్తారు?"

"అక్క ఇల్లు కూలిపోతుందే."

"ఆవిడ దూడ పోయింది."

ఆయన మొహం కడుక్కునే నెపంతో పెరట్లోకి పోయాడు.

విచారణకి ముందు రోజు అక్క వచ్చింది. ఊరికే వచ్చానంది. మరదలి చేతిలోంచి కత్తిపీట లాక్కుని కూరలు తరగడానికి కూర్చుంది. ఏవేవో మాట్లాడింది, వాన గురించి, మోకాళ్ల నొప్పుల గురించి. మిల్లు మాట ఎత్తలేదు. నోరు తెరిచి అడిగితే తమ్ముడు కాదనొచ్చునేమో. అడక్కుండా కూర్చుంటే కాదనడానికి కూడా దారి లేదు. వెళ్లేముందు గుమ్మంలో ఆగి, చిన్నప్పటిలా ఆయన చొక్కా బొత్తాం సరిచేసింది. "వేళకి తిను" అంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో కుట్టుమామకి ఆ గుమ్మంలో బాగా తెలిసొచ్చింది. అక్క కోసం చెప్పేద్దామని ఆ క్షణానే ఖాయం చేసుకున్నాడు.

విచారణ గది ఇరుకైనది. పొడుగు బల్ల, దాని వెనక పెద్దాఫీసరు, బల్ల మీద లక్క ముద్ర చెదరని దాణా పొట్లం. పెద్దాఫీసరు కోపిష్టిలా లేడు, అలసిపోయిన మేష్టారిలా ఉన్నాడు. తనిఖీ అధికారిణి ఓ పక్కన కూర్చుంది. ఎదురుగా బెంచీ మీద పాలావిడ ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఇవతల బావ, అక్క, వకీలు. కిటికీ రెక్క గాలికి టపటపా కొట్టుకుంటుంటే ఎవరూ లేచి గడియ పెట్టడం లేదు.

వకీలు గొంతు సవరించుకుని పొరపాటు కథ మొదలుపెట్టాడు. తర్వాత కుట్టుమామని పిలిచారు. నేర్పిన ముక్క నేర్పినట్టు అప్పజెప్పాడు. కళ్లజోడు మర్చిపోయాను, కట్ట తప్పు విప్పాను, యజమాని తప్పేం లేదు. బావ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. వకీలు మొహం విప్పారింది. తనిఖీ అధికారిణి మాత్రం తల అడ్డంగా ఊపి కిటికీలోంచి బయటికి చూసింది. ఆమెకి నమ్మకం కుదరలేదు, కానీ కాదనడానికి ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క విడత సంచులే.

పెద్దాఫీసరు అంతా రాసుకున్నాడు. "ఈ పొరపాటు మీదేనని ఒప్పుకుంటే ఇక ముందు ఏ దాణా మిల్లులోనూ మీరు ఈ పని చెయ్యడానికుండదు. తెలుసుగా?"

"తెలుసండి."

ఆయన కలానికి మూత పెట్టాడు. ముసలితనం మీద పడుతున్న ఈ మనిషిని చూసి జాలేసిందేమో, ఇక కాగితంతో పని లేని గొంతుతో అడిగాడు. "మీ ఇంట్లో కూడా పశువులున్నాయా?"

"ఒక ఆవుందండి."

"పాపం, దానికీ ఈ దాణాయే పడి ఉంటుంది. మీ పొరపాటు మీ గొడ్డుకే తగిలిందన్నమాట."

అంతవరకూ కుట్టుమామ నేర్పిన దారిలోనే నడిచాడు. ఈ ప్రశ్న ఎవరూ నేర్పలేదు. బావ తన ఆవుకి అలాంటి దాణా పెట్టనిచ్చే మనిషని ఈయన అనుకుంటున్నాడే అని ఆయన ప్రాణం చివుక్కుమంది. పొద్దుట్నించీ ఈ గదిలో బావని అందరూ అనుమానంగా చూస్తున్నారు. బావ మంచితనం గురించి ఒక్క మాటైనా చెప్పాలనిపించింది.

"లేదండి. మా బావ అట్లాంటోడు కాదండి. ఆకుపచ్చ చీటీ వరస జోలికి పోవద్దు, మనింటి ఆవుకి మిల్లు లోపలి గదిలో విడిగా పెట్టిన సంచే పట్టుకెళ్లు అని నాకు ముందు నుంచీ చెప్తాడండి. నేను మర్చిపోతే ఆయనే రిక్షాలో వేయించి పంపిస్తాడు."

వకీలు కళ్లు మూసుకున్నాడు. తనిఖీ అధికారిణి కిటికీ నుంచి చూపు తిప్పింది. తను ఏమన్నాడో కుట్టుమామకి అందరికన్నా ఆఖరున అర్థమైంది. అర్థమయ్యాక బల్ల అంచు పట్టుకున్నాడు. ఇన్నాళ్లూ అది బావ ప్రేమ అనుకున్నాడు. ప్రేమే, కాదని ఎవరంటారు. కానీ ఆ వరసలో ఏముందో తెలిసినవాడే దాని జోలికి పోవద్దని చెప్పగలడు.

పెద్దాఫీసరు కలం మూత మళ్లీ తీశాడు. "ముందు నుంచీ అంటే ఎప్పట్నుంచి?"

ఇంకా దారి మూసుకుపోలేదు. ఈ వారం నుంచే, తప్పు బయటపడ్డాక చెప్పాడు అంటే సరిపోతుంది. వకీలు దగ్గాడు, అదే అనమని ఆ దగ్గు. బావ మొహం పాలిపోయి ఉంది. అక్క తమ్ముణ్ణి చూడటం లేదు, నేల చూస్తోంది. కుట్టుమామ నోరు తెరిచాడు. ఈ వారం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అప్పుడు పాలావిడ మాట్లాడింది. ఆమె అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. వీధిలో ఎదురైతే అడిగినట్టే అడిగింది.

"నీ ఆవు బాగుందా మామా?"

"బాగుందమ్మా."

"దూడ?"

"గంతులేస్తోంది."

ఆమె తలూపింది. నిజంగానే సంతోషించినట్టుంది. గొడ్డుని సాకిన మనిషికి ఇంకో గొడ్డు బాగుందంటే సంతోషమే మరి. అది చూశాక ఆయనకి ఇక అబద్ధం రాలేదు. సిగ్గుతో చెవుల దాకా మంటెక్కింది. తిలా పాపం తలా పిడికెడు అంటారే, అందులో తన పిడికెడు ఎంతో ఆయనకి అప్పుడు కనిపించింది.

"కిందటేడు ఎండలు ముదిరినప్పట్నుంచండి," అన్నాడు. "కట్ట నేను మార్చలేదు. కళ్లజోడు నేనెప్పుడూ మర్చిపోలేదు. ఆకుపచ్చవి ఇచ్చారు, ఆకుపచ్చవి కుట్టాను. అడగాల్సింది. అడగలేదు. అదొక్కటే నా తప్పు, అది రాసుకోండి."

"ఆ లోపలి గది ఎక్కడుంది?" అని తనిఖీ అధికారిణి అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె లేచి గొట్టం తీసుకుంది. బావని కూడా వెంట రమ్మన్నారు. బయటి వరస సంచులూ, లోపలి గది సంచులూ పక్కపక్కన పెట్టి ముద్రలు వేస్తే ఇక ఏ వకీలూ పొరపాటు అనలేడు. ఈ సంగతి అందరికన్నా ముందు వకీలుకే తెలిసింది, ఆయన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

మెట్ల దగ్గర బావ ఆగాడు. జీపు దగ్గర ఆయన కోసం ఎదురు చూస్తున్నారు. తిడతాడని, చెయ్యెత్తుతాడని కుట్టుమామ తల వంచుకుని నిలబడ్డాడు. కొట్టినా సరే అనుకున్నాడు. అక్క రెండు మెట్లు పైన, ఎవరి వైపు దిగాలో తెలియనట్టు గోడ పట్టుకుని ఉండిపోయింది.

"నీ ఇంట్లో గొడ్డు చల్లగా ఉండాలనే కదరా ఆ మాట చెప్పాను," అన్నాడు బావ.

"నేనూ అదే చెప్పాను బావా."

బావ ఆయన మొహంలోకి చూశాడు. తర్వాత, "అవున్రా, అదే చెప్పావు" అన్నాడు. అలవాటుగా ఆయన భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి, మెట్లు దిగి వెళ్లి జీపెక్కాడు. ఒక్క తిట్టయినా తిట్టి ఉంటే బాగుండేదని కుట్టుమామ అక్కడే మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లు చూస్తున్నా సరే, గుక్కపెట్టి ఏడ్చాడు.